వియ్యంకుడికి టేకు తెర

సాగరతోరణ నగరాన్ని చూడని కళ్ళు కళ్ళే కావని ఆ నగరపు కవులు పాడతారు. వాళ్ళ జీతాలు ఆ నగరపు ఖజానా నుంచే వస్తాయి కాబట్టి మనం కొంచెం తగ్గించుకుని వినాలి. తగ్గించుకున్నా దాని అందం తక్కువేమీ కాదు. మూడు వైపులా సముద్రం ఒరుసుకునే నల్లరాతి కోట, బురుజుల మీద శంఖాల తాపడం. పొద్దున్నే ఎండ పడితే ఆ శంఖాలు మీగడ రంగులో మెరుస్తాయి, పొద్దు వాలేసరికి కుంకుమ పూసుకుంటాయి. వీధులకు రెండు పక్కలా గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ళు, ఇంటింటికీ టేకు తలుపులు, తలుపు తలుపుకూ ఇత్తడి హంసలు, తామరమొగ్గలు, ఏనుగు తొండాల్లాంటి గడియలు. అటువంటి తలుపులు సప్తద్వీపాల్లో ఎక్కడా లేవు. గాలివాన వచ్చినప్పుడు మాత్రం వాటిని వెయ్యడానికి వీల్లేదు.

ఎందుకు వీల్లేదో తర్వాత చెబుతాను. ముందు మన రాకుమారుణ్ణి ఊళ్ళోకి చేర్చాలి.

కనకశిఖరి రాకుమారుడు మణికేతు మిట్టమధ్యాహ్నం వేళ కోటవాకిలి దాటాడు. ఒంటి మీద కాషాయం, నెత్తిన పెట్టుడు జడలు, చేతిలో అభ్రకపు రేకుల ఇత్తడి లాంతరు. దొంగ సన్యాసులు ఎక్కువైపోయిన కాలం కాబట్టి ద్వారపాలకులు అతన్ని అనుమానించకుండా దణ్ణం పెట్టారు. దారిలో ఒక గబ్బిలాల గుహలో లాంతరుకు ఒక పక్క రేకు పగిలిపోయింది. ఆ పక్క అరచెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తున్నాడు. చెయ్యి బొబ్బలెక్కింది, అయినా తియ్యడం లేదు. ఎందుకంటే ఆ వత్తి మీద వెలుగుతున్నది అతని అక్క హేమవల్లి.

తెలియనివారి కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మసిభైరవుడనే మాంత్రికుడు హేమవల్లిని పెళ్ళాడతానని నిండుసభకు వచ్చాడు. విందులో వంగి నమస్కారం పెట్టబోయి, మోకాళ్ళ దాకా పెంచిన గడ్డాన్ని పాయసం గిన్నెలో ముంచాడు. వాడి మంత్రశక్తంతా ఆ గడ్డంలోనే ఉందని ప్రతీతి. అందుకని సభంతా తల దించుకుని ఊరుకుంది. హేమవల్లి ఒక్కతే పకపకా నవ్వింది. "మొహం అంత వెలిగిపోతోందే, అలాగే వెలుగుతూ ఉండు" అని వాడు ఆమెను దీపం చేసి పారేశాడు. సముద్రానికి అవతల కుందనగిరి మీద అగ్నిగుండం ఉంది. అందులో కలిపితే హేమవల్లి మళ్ళీ మనిషవుతుంది. దారిలో దీపం ఆరిపోయిందా, ఇక హేమవల్లి లేదు.

అప్పటినుంచి మణికేతుకు కంటి మీద కునుకు లేదు. తండ్రి బెంగతో మంచం పట్టాడు. సేనాపతి "రాజ్యాన్ని నేను చూసుకుంటాను కదా" అని సింహాసనం ఎక్కి అక్కడినుంచే చూసుకుంటున్నాడు. దారిలో రాక్షసులు ఎదురైతే మణికేతు జంకలేదు. పక్కన ఎవరైనా ముక్కు ఎగబీల్చి తుమ్మడానికి సిద్ధమైతే మాత్రం అతనికి పైప్రాణాలు పైనే పోయేవి.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ నూనె ఎవడు అంటగట్టాడురా నీకు?" అంది దీపం చిటపటలాడుతూ. "నువ్వుల నూనె అని చెప్పి మడ్డి పోశాడు. నా గొంతు చూడు, ఎలా బొంగురుపోయిందో."

"మెల్లిగా అక్కా! దీపం మాట్లాడుతోందంటే జనం పోగవుతారు."

"పోగైతే మంచిదేగా! మంచి నూనె ఎక్కడ దొరుకుతుందో వాళ్ళనే అడుగు."

రేవులో ఓడలన్నీ లంగరు వేసుకుని ఊగుతున్నాయి. తూర్పు దిక్కున ఆకాశం సీసం రంగుకు తిరిగింది. కుందనగిరికి ఓడ ఎప్పుడని మణికేతు ఒక సరంగును అడిగాడు.

"ఇవాళ ఏ ఓడా కదలదు స్వామీ. వియ్యంకుల వారు వేంచేస్తున్నారు" అన్నాడు సరంగు, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి.

"ఎవరి వియ్యంకులు?"

"ఊరందరికీనూ!"

మణికేతుకు ఏమీ అర్థం కాలేదు. వీధిలోకి తిరిగి చూస్తే జనం గుమ్మాలకు మామిడాకులు కడుతున్నారు. అరుగుల మీద కాళ్ళు కడగడానికి నీళ్ళ చెంబులు పెడుతున్నారు. తలుపులు బార్లా తెరిచి, మూసుకుపోకుండా రుబ్బురోళ్ళు అడ్డం దొర్లిస్తున్నారు. చేతులు పెళ్ళిపనులు చేస్తున్నాయి గానీ మొహాలు మాత్రం శవం లేచిన ఇంటివాళ్ళలా ఉన్నాయి.

అతను పూటకూళ్ళ పేరిందేవి ఇంట్లో దిగాడు. పేరిందేవి చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది. పెరుగన్నం వడ్డిస్తూ సంగతంతా చెప్పుకొచ్చింది.

"వెనకటికి మా రాజుల్లో ఒకాయన కూతురు ఓడెక్కి వెళుతుంటే గాలివాన పట్టుకుంది నాయనా. ఓడా లేదు, పిల్లా లేదు. 'మునిగిపోయింది ప్రభూ' అని రాజు మొహాన అనేదెవరు? ఆస్థానకవి ముందుకొచ్చి, 'వాయుదేవుడి కొడుకును పెళ్ళాడి అత్తారింటికి వెళ్ళింది ప్రభూ' అన్నాడు. రాజు కళ్ళు తుడుచుకుని కవికి మాన్యం రాసిచ్చాడు. అప్పటినుంచీ మేం ఆడపెళ్ళివారం, గాలి మగపెళ్ళివారు. వచ్చినప్పుడల్లా తలుపులు తీసి ఎదురుకోవాలి. ఎత్తుకుపోయిందల్లా సారె అనుకోవాలి. కిందటేడు నా వంటిల్లు సారె పెట్టాను."

"ఇదేమిటని ఎవరూ అడగలేదా?"

"బాగుంది! వియ్యంకుణ్ణి అడుగుతారుటయ్యా ఎవరైనా? పిల్లనిచ్చుకున్నాం."

"తలుపు వేసుకుంటే?"

పేరిందేవి గరిటె ఆగిపోయింది. "ఆ తలుపు ఊడబెరికి వీపుకు కట్టి ఊరేగిస్తారు. మా ఆయన్ని అలాగే ఊరేగించారు. నడుం విరిగి మంచాన పడ్డవాడు మళ్ళీ లేవలేదు. నాకు పసుపుకుంకుమలు పోయినా రాజుగారికి వియ్యపు మర్యాద దక్కింది" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

అంతలో గోడలోంచి ఒక చెయ్యి గిన్నెతో సహా బయటికి వచ్చింది. మణికేతు ఉలిక్కిపడి బొడ్డులో కత్తి మీద చెయ్యి వేశాడు. "పేరిందేవమ్మా, కాస్త తోడు వెయ్యవూ?" అంది గోడ. అది పక్కింటావిడ. ఆ వీధిలో ఇళ్ళన్నిటికీ మధ్యగోడలే కాబట్టి ప్రతి గోడకూ చెయ్యి పట్టేటంత కిటికీ ఉంది. పెరుగుకు తోడు, కూర, కొరివికారం, చాడీలు అన్నీ ఆ కన్నాల్లోంచే వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళతాయి.

పేరిందేవి తోడు వేసి పంపించి, ప్రమిద తీసుకొచ్చింది. "మబ్బు కమ్మేసింది, పొయ్యిలో నిప్పు కూడా చల్లారింది. నీ లాంతర్లోంచి కాస్త ముట్టించుకోనా నాయనా?"

"వద్దమ్మా!" మణికేతు లాంతరును గుండెకు హత్తుకున్నాడు. "దీపంతో దీపం వెలిగించకూడదు." చిన్నప్పటి నుంచీ అమ్మ చెప్పిన మాట అది. పైగా అక్కను రెండు వత్తులకు పంచితే ఏ సగం ఎటు పోతుందోనని అతని భయం.

అదే క్షణంలో వియ్యంకుడు వేంచేశాడు.

ముందు సముద్రం గుక్కపట్టినట్టు వెనక్కి తగ్గింది. తర్వాత కోట బురుజుల మీది శంఖాలన్నీ వాటంతటవే ఊఁ అని మోగడం మొదలుపెట్టాయి. కొబ్బరిచెట్లు ఒంగి నేలను తాకి లేచాయి. నీళ్ళ చెంబులు, మామిడాకులు, అరుగు మీది పీటలు, ఒక మేకపోతు, ఆస్థానకవి తలపాగా వరసగా వీధిలోంచి ఎగిరిపోయాయి. బార్లా తెరిచిన తలుపుల్లోంచి గాలి ఇళ్ళల్లోకి దూరి చేటలు, చాపలు, ఉయ్యాలలు బయటికి విసిరేస్తోంది. జనం చేతులు జోడించుకుని "దయచెయ్యండి, దయచెయ్యండి" అని ఏడుస్తున్నారు.

హేమవల్లి ఒక్కసారి పడగ విప్పినట్టు లేచి, మళ్ళీ వత్తికి అంటుకుపోయింది. మణికేతు రుబ్బురోలును ఒక్క తన్ను తన్ని, రెండు తలుపులూ దభాలున మూసి గడియ పెట్టాడు.

"చంపావురా నాయనా!" అంది పేరిందేవి.

ఆమె నోట్లో మాట నోట్లో ఉండగానే తలుపు మీద కర్రలు పడ్డాయి. అవతల ఉన్నది కవాటాధ్యక్షుడు గంభీరనాథుడు. తలుపులు తెరిచి ఉన్నాయో లేదో చూడటమే ఆయన ఉద్యోగం. నడుముకు మోకు కట్టుకుని, ఆ మోకు కొసలు ఇద్దరు లావుపాటి భటులకు ముడివేసుకుని తిరుగుతున్నాడు, అధికారం గాలికి కొట్టుకుపోకుండా. భటులు భుజాలతో తోసేసరికి గడియ ఊడి తలుపు తెరుచుకుంది.

"ఎవడ్రా వియ్యంకుల వారి మొహం మీద తలుపు వేసింది?" అని గర్జించాడాయన. "మహారాజుగారు స్వయంగా ఎదురుకోలు చేస్తుంటే!"

"ఎక్కడ చేస్తున్నారు?" అన్నాడు మణికేతు, పగిలిన రేకు వైపు ఒంటినంతా అడ్డం పెట్టి.

"నేలమాళిగలో. అది ఏకాంత ఎదురుకోలు. తలుపు విప్పండిరా, ఈ సన్యాసి వీపుకు కట్టండి!"

మణికేతు చెయ్యి కత్తి మీదికి పోయింది. "కత్తి దూస్తే గాలి ఆగుతుందట్రా?" అని గుసగుసలాడింది దీపం. ఆ మరుక్షణం ఊరు ఎగిరిపోయే కేక పెట్టింది. "ఏమయ్యా అధికారీ! పెళ్ళికాని పిల్ల ఉన్న ఇంట్లోకి తెర లేకుండా మగపెళ్ళివారిని తోలుకొస్తావా? ఇదేనా మీ ఊరి మర్యాద?"

గంభీరనాథుడు తత్తరపడి తల పక్కకు తిప్పుకున్నాడు. లోపల గదిలో ఎవరో కన్య ఉందనుకున్నాడు పాపం. "తెరా? తెర ఏమిటి?"

మణికేతుకు దారి దొరికింది. "అడ్డుతెర పట్టకుండా ఏ పెళ్ళి జరిగింది మహాశయా? ముహూర్తం కాకముందే మగపెళ్ళివారు పిల్ల మొహం చూశారంటే వియ్యపురాలి నోట్లో పడతాం. ఆ మర్యాద కోసమే తెర వేశాను. అది తలుపని ఎవరన్నారు?"

"తెరంటే గుడ్డ కదయ్యా?"

"కోమటి సెట్టి కొడుక్కి గుడ్డ తెర పడతారు. వాయుదేవుడంతటి వాడికి గుడ్డ పడితే అవమానం కాదూ? ఆయన హోదాకు టేకు తెర ఉండాలి."

గంభీరనాథుడు గడ్డం గోక్కున్నాడు. ఆయన ఇంట్లో పెళ్ళీడు కూతుళ్ళున్నారు. కొత్తగా నేయించిన పైకప్పూ ఉంది. "ఆ హంసలు?"

"తెర మీద అల్లిక."

"మరి గడియ?"

"తెర పట్టుకునేవాళ్ళ చేతులు నొప్పి పుట్టకుండా."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఆయన ఉద్యోగంలో అది మొదటిసారి. తర్వాత మోకు లాగి భటుల్ని వెనక్కి తిప్పి, వీధిలో నిలబడి గొంతు చించుకున్నాడు. "వినండహో! సాగరతోరణంలో ఇప్పుడు తలుపులన్నవే లేవు! ఉన్నవన్నీ అడ్డుతెరలు! పెళ్ళికాని పిల్ల ఉన్న ప్రతి ఇంటివారూ తెర వెయ్యాలి, ముహూర్తం దాకా తియ్యరాదు!" అని భటుల్ని ఈడ్చుకుంటూ తన ఇంటివైపు లగెత్తాడు.

వీధి పొడుగునా దభీ దభీమని తెరలు పడ్డాయి. పిల్లలు లేని ఒకాయన, "మా పెయ్యదూడకు ఇంకా పెళ్ళి కాలేదు" అని అరిచి మరీ వేసుకున్నాడు.

పేరిందేవి ఊడిన గడియకు రోకలి దూర్చి, తలుపుకు ఆనుకుని కూలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. "ఈ ఒక్క మాట ఆనాడు ఎవరికైనా తోచి ఉంటే మా ఆయన బతికేవాడు" అంది.

అయితే వియ్యంకుడికి కోపం వచ్చింది. వాకిట్లోంచి రానివ్వకపోతే ఆయన పైనుంచి వచ్చాడు. పెంకులు ఒకటొకటిగా లేచి, ఆ వెంట దూలం కీచుమని అరిచి, ఇంటికప్పు ఓ మూల ఎగిరిపోయింది. వాన ధారలుగా లోపల పడింది. మణికేతు లాంతరు మీద బోర్లా పడ్డాడు. మంట కాస్తా నీలపు చుక్కగా మారింది.

"తమ్ముడూ" అంది హేమవల్లి. ఆ గొంతులో మొదటిసారి బింకం లేదు. "చలేస్తోందిరా."

మణికేతుకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళు మింగుకున్నదంతా ఒక్కసారే బయటపడింది. "నావల్ల కావడం లేదక్కా. నిద్ర లేదు, తిండి లేదు, నాన్న ఎలా ఉన్నాడో తెలియదు. నువ్వు కూడా పోతే నేను ఎవరికోసం బతకాలి?"

"ఏడిస్తే నీళ్ళు నా మీదే పడతాయి, కళ్ళు తుడుచుకో. ఆవిడ ప్రమిద ముట్టించు."

"అమ్మ వద్దని చెప్పింది."

"అమ్మ చెప్పింది దీపాల సంగతి, కూతుళ్ళ సంగతి కాదు. నాకూ భయంగానే ఉందిరా. నువ్వొక్కడివే మొయ్యాలని ఎందుకంత పంతం? తొందరగా కానివ్వు!"

అతను వత్తి అందించాడు. పేరిందేవి ప్రమిద అంటుకుంది. ఆమె దాన్ని గోడగూట్లో పెట్టి కుండ అడ్డం పెట్టింది. లోపలినుంచి, "అబ్బ, ఇదీ నూనె అంటే!" అంది హేమవల్లి. లాంతర్లోంచి కూడా, "నాకూ కాస్త పొయ్యమను" అంది హేమవల్లే.

ఆమె రెండు సగాలు కాలేదు. ఇద్దరైంది.

పేరిందేవి ఆ దీపాన్నీ ఈ దీపాన్నీ మార్చి మార్చి చూసింది. అది కూడా ఒక్క క్షణమే. ఆ వెంటనే గోడకిటికీలో తల దూర్చి, "ఒసేయ్, తోడు వేస్తాను, ప్రమిద పట్టు!" అని కేకేసింది. వెలిగించిన వత్తి పక్కింటికి వెళ్ళింది. పక్కింటినుంచి ఆ పక్కింటికి. పెరుగు తోడు వెళ్ళే దారినే హేమవల్లి వీధి చివరికంటా వెళ్ళింది. ఇంటింటా గూట్లో కూర్చుని "పిల్లాడికి దుప్పటి కప్పండి", "ఆ మూల కారుతోంది, గంగాళం పెట్టండి" అని పెత్తనం మొదలుపెట్టింది.

ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. చప్పుడే లేదు. సాయంకాలపు పసుపు వెలుగు కప్పు కంతలోంచి లోపల పడింది. వియ్యంకుడు విస్తరి ముందు కూర్చుని ఊపిరి తీసుకుంటున్నాడన్నమాట. వాడకట్టు వాళ్ళందరికీ తెలుసు, రెండో వడ్డన ఎదుటి దిక్కునుంచి వస్తుంది.

"నాయనా, కాపాడండి! దూలం కింద పడిపోయాను!" అని బయటినుంచి ఒక ముసలి గొంతు మూలిగింది.

"ఈ గొంతు ఎక్కడో విన్నట్టుందిరా" అంది అక్క. కానీ మణికేతు అప్పటికే గుమ్మం దాటి, తన వెనకే తలుపు దగ్గరగా లాగాడు. చేతిలో లాంతరు అలాగే ఉంది. అది లేకుండా ఆ చెయ్యి ఉండటం మరిచిపోయింది. పేరిందేవి లోపలినుంచి రోకలి దూర్చింది.

వీధి మధ్య గొంగళి కప్పుకున్న ముసలాడొకడు దూలం కింద కొట్టుకుంటున్నాడు. మణికేతు దూలం ఎత్తాడు. ముసలాడు లేచి గొంగళి విదిలించాడు. మోకాళ్ళ దాకా గడ్డం జారింది. దీపం ఆర్పడానికి వెంటబడి వచ్చిన మసిభైరవుడు!

వాడు పగిలిన రేకుకు నోరు ఆనించి ఉఫ్ మని ఊదాడు. లాంతరు ఆరిపోయింది.

"అయిపోయిందిరా మీ అక్క!" అని వికటంగా నవ్వాడు మాంత్రికుడు. మణికేతు ఆ నల్లబడిన వత్తిని వేళ్ళతో తడిమాడు. ఇంటింటా ఉందని తెలిసినా, ఇన్నాళ్ళు మోసిన వెచ్చదనం చేతిలో చల్లారేసరికి తట్టుకోలేకపోయాడు.

"ఏమోయ్ భైరవా, ఆ గడ్డానికి పాయసం ఇంకా వదల్లేదా?"

పేరిందేవి ఇంట్లోంచి వచ్చింది ఆ మాట. పక్కింట్లోంచి పకపకా నవ్వు. ఆ పక్కింట్లోంచి ఇంకో నవ్వు. వీధి వీధంతా హేమవల్లి నవ్వు. ఆ నవ్వు విని లోపలి జనం కూడా తలుపు సందుల్లోంచి చూసి నవ్వారు. ఆనాడు నిండుసభ నవ్వనిది ఈనాడు ఊరు నవ్వింది.

మసిభైరవుడి మొహం మాడిపోయింది. చేతులెత్తి కవాటభేదన మంత్రం చదివాడు. భూలోకంలో ఆ మంత్రానికి తెరుచుకోని తలుపు లేదు. ఒక్క గడియ కూడా కదలలేదు. మళ్ళీ చదివాడు, గొంతు పెంచి చదివాడు. కవాటాధ్యక్షుడు తన ఇంటి తెర వెనకనుంచి, "అవి తలుపులు కావయ్యా, పొద్దున్నే ప్రకటించాం!" అన్నాడు. మధ్యాహ్నం చేసిన పనిని పొద్దున్నే చేశామనడం ఆయన ఉద్యోగధర్మం.

అప్పుడు పడమటినుంచి రెండో గాలి లేచింది. పేరిందేవి ప్రాణం ఉగ్గబట్టలేక రోకలి తియ్యబోయింది. "నాయనా, లోపలికి రా! పరిగెత్తు!"

మణికేతు చూశాడు. మసిభైరవుడు ఆ గుమ్మం పక్కనే పిల్లిలా నక్కి కూర్చున్నాడు. అంగుళం సందు దొరికితే చాలు, లోపలికి దూరి ఇల్లిల్లూ ఊదుకుంటూ పోతాడు.

"తియ్యకమ్మా!" అని అరిచాడు మణికేతు. "ముహూర్తం కాలేదు!"

అరిచి, ఒక్క గెంతు గెంతి ఆ గడ్డాన్ని పిడికిట చుట్టుకున్నాడు. వాడు బొబ్బ పెట్టాడు. గాలి ఇద్దర్నీ కలిపి లేపింది. అరుగు మీద ఒకసారి, గోడ మీద ఒకసారి తగిలి, ఇద్దరూ శంఖాల బురుజు పైగా సముద్రం వైపు ఎగిరిపోయారు.

"వియ్యంకుల వారు ఒక సన్యాసిని, ఒక గడ్డాన్ని సారెగా స్వీకరించారహో!" అని గంభీరనాథుడి గొంతు కింద ఎక్కడో వినిపించింది. ఆ వెనకే వీధి పొడుగునా గూటిగూటినుంచీ ఒకే గొంతు గాలిని చీల్చుకుని పైకి వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ! నా గురించి బెంగపడకు, ఇక్కడ నూనె బాగుంది! ఆ గడ్డం మాత్రం వదలకురా!"

మణికేతు రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాడు.